రాజమోహన్ బోరు పెంచిన బండి

"పెద్ద గొప్పేం కాదబ్బా నేను చేసింది. చెవి పెట్టి విన్నా, అంతే."

ఈ మాటతో రాజమోహన్ టీ గ్లాసు అందుకున్నాడంటే ఆత్మకూరు బస్టాండు పక్కన జైతూన్‌బీ అంగట్లో బెంచీ మీదోళ్ళు ఎవరూ లేవరు. లేస్తే కథ పోతుంది, కూర్చుంటే పని పోతుంది. ఆ పొద్దు పని పోతా ఉండింది హెన్రీకి.

హెన్రీది గోపాలమిత్ర ఉద్యోగం. అనంతసాగరం మండలంలో ఎదకొచ్చిన ఆవులకీ బర్రెలకీ చూలు నిలిచే సూది వేసేదానికి ఊరూరూ తిరుగుతాడు. సూదికి కావల్సిన విత్తు దాచిన, తెల్లగా చలిపొగలు కక్కే నైట్రోజన్ క్యాను బండికి కట్టుకొని పోవాల. ఆ క్యాను చూస్తే షేర్ ఆటోవోళ్ళు దడుచుకొని ఎక్కించుకోరు. బండి లేకపోతే హెన్రీకి ఉద్యోగం లేనట్టే. ఆ బరువుకి బండి మిట్టలెక్కడం లేదని ఒకసారి నోరు జారినాడు. పక్క షెడ్డు మెకానిక్కు రాజమోహన్ "బోరు పెంచితే ఏనుగైపోద్దిరా" అని బండిని లోపలికి తోసుకున్నాడు. సిలిండరు తొలిపించి పెద్ద పిస్టను వేసినాడు. ఆనాటి నుంచి బండి స్టార్టు కాలేదు.

ఈ పొద్దు తెల్లారంగానే అనంతసాగరం నుంచి రెబెకమ్మ ఫోను చేసింది, ఆవు ఎదకొచ్చిందని. ఇంతకు ముందు వేసిన సూదులు ఆ ఆవుకి నిలవలేదు. ఈ పూట దాటిపోతే మళ్ళా ఎద వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే, ఆమె ఇల్లు గడిచేది ఆ ఒక్క ఆవు మీదే.

"అన్నా, నా బండి..." అన్నాడు హెన్రీ.

"నీ బండి సంగతే చెప్తా ఉండానురా. నీ బండి జబ్బు నీకు అర్థం కావాలంటే ముందు ఉదయగిరి సురేంద్రబాబు బండి జబ్బు తెలియాల. బట్టలంగడి సురేంద్రబాబు. ఆయన నెల్లూరు పోయి, ఎవుడో లేతు మిషనోడి కాడ బోరు పెంచుకొచ్చినాడు. పెంచినోడు పెంచినాడు, బండి మాత్రం ఏం చేస్తా ఉండిందో తెలుసా? సెల్ఫు కొడితే లేస్తుంది, గేరేస్తే దగ్గుతుంది, యాక్సిలేటరు తిప్పితే మొండికేస్తుంది, వొదిలితే సైలెన్సర్లో టపటపమని టపాకాయలు, మీటర్లో ఇంజను గుర్తు పసుప్పచ్చగా వెలిగి ఆరదు. ఉదయగిరిలో చూపించినాడు, వింజమూరులో చూపించినాడు. ప్లగ్గు మార్చినోడు మార్చినాడు, ఫిల్టరు ఊదినోడు ఊదినాడు. ఆఖరికి ఒకడు ల్యాప్‌టాపు తెచ్చి బండికి వైరు తగిలించి, రవ్వంతసేపు చూసి, ల్యాప్‌టాపు మూసి చంకలో పెట్టుకోని, చెప్పకుండా బస్సెక్కేసినాడు."

"పాపం, సిగ్గుపడినట్టుండాడు" అన్నాడు ముజఫర్. గిరాకీ లేని పూట ఆటో అక్కడే నిలిపి ఈ కథలు వినడం అతనికి అలవాటు, హెన్రీ క్యాను ఎక్కించుకోవాలంటే మాత్రం అతనికీ భయమే.

"సిగ్గు కాదు, భయం! అప్పుడు నాకు ఫోను. నేను పోయినా. స్పానరు లేదు, స్క్రూ డ్రైవరు లేదు, చేతులూపుకుంటా పోయినా. బండి స్టార్టు చేయమన్నా, ట్యాంకు మీద చెవి ఆనించినా, కళ్ళు మూసుకున్నా. తెరిచి ఒకే మాట అన్నా, 'సురేంద్రబాబూ, దీనికి ఆకలి' అని."

"ఆకలా?" అంది జైతూన్‌బీ.

"ఆకలే ఆపా! ఇది పాత కార్బొరేటరు బండయితే జెట్టు మారిస్తే సరిపోయె. దీంట్లో జెట్టు యాడుండాది? ఇంజెక్టరు గదా. ఆ ఇంజెక్టరుకి ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పేది సీటు కింద డబ్బా, ఈసీఎం అంటారు. దానికేం తెలుసు? కంపెనీలో చేసేటప్పుడు సిలిండరు ఎంత అని చెప్పినారో ఆ లెక్కకే వడ్డిస్తా ఉంటుంది. మనం ఈడ కడుపు పెంచి కూర్చున్నాం. పెళ్ళికొచ్చిన పహిల్వానుకి చంటిబిడ్డకి పెట్టినట్టు ఒక ముద్ద పెడితే ఊరుకుంటాడా? పంక్తిలో గోల చేస్తాడు. బండి చేస్తా ఉండింది ఆ గోలే. గాలి జాస్తి, పెట్రోలు తక్కువ."

ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు. చెప్పింది సబబుగానే ఉంది. హెన్రీకి ఆశ కూడా పుట్టింది.

"అయితే నా బండికీ అదేనా అన్నా? ఇంజెక్టరు మార్చినావా?"

"తొందరపడబాక. సురేంద్రబాబు కూడా అదే అడిగినాడు, 'మద్రాసు నుంచి పెద్ద ఇంజెక్టరు తెప్పించమంటావా' అని. మద్రాసెందుకు? ఉదయగిరిలో ఉండి మద్రాసు పోతారా ఎవురైనా? వడ్డించేది చాలకపోతే గరిటె మార్చాల. చెక్క గరిటెలకీ స్పూన్లకీ ఉదయగిరిని మించిన ఊరు ఇంకోటి ఉండాదా? నేరుగా చెక్క పనోళ్ళ ఇంటికి పోయినా. కట్టె తీసుకోని, ఇంజెక్టరు మూతికి సరిపోయేట్టు ఒక గరిటె చెక్కించినా, చీమ తలకాయంత. దానికి పిడి, పిడి మీద పూలు, ఆకులు, అన్నీ ఉండాయి. అది ఇంజెక్టరులో కూర్చోబెట్టినా. లోపల తోడి తోడి పోస్తా ఉండాది!"

"చీమ తలకాయ మీద పూలు కూడానా!" అంది జైతూన్‌బీ పాలగిన్నె దించుతా.

"భూతద్దంలో చూడాల ఆపా. సరే, గరిటె కుదిరింది. అయినా డబ్బా ఒప్పుకోవాల గదా? లైటు ఆరడం లేదు. సీటు తీసేసి డబ్బా ముందర ముక్కాలి పీట వేసుకోని కూర్చున్నా. దానికి బుద్ధి చెప్పినా. 'నాయనా, నీ బండి ఇప్పుడు చిన్నది కాదు, పెద్దదయింది, పెద్దరికం తెలుసుకోని వడ్డించు' అని."

"ఏ భాషలో చెప్పినావన్నా?" ముజఫర్ అడిగినాడు.

"అద్గదీ, అట్టా అడుగు! మొదట మర్యాదగా 'ఏమండీ, దయచేసి' అని మొదలుపెట్టినా. లైటు ఇంకా జాస్తి వెలిగింది. ఇంగ్లీషులో 'ప్లీజ్' అన్నా, పట్టించుకోలా. నాకు ఒళ్ళు మండింది. 'ఏందిరా, చెప్తా ఉంటే తెలీదా నీకు?' అన్నా. టప్పున ఆరిపోయింది లైటు! నెల్లూరు జిల్లాలో తిరిగిన డబ్బా గదా, దానికి ఆ మాటే అలవాటు."

అంగడి ఘొల్లుమంది. జైతూన్‌బీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నిన్ను అనుమసముద్రంపేట దర్గాకి తీసకపోవాలరా మోహనూ, ఒక పూట కాదు, పిచ్చి కుదిరేదాకా అక్కడే పడుకోబెట్టాల."

ఆ నవ్వుల్లోనే షేర్ ఆటో ఒకటి వచ్చి నిలిచింది. దాంట్లోంచి రెబెకమ్మ దిగింది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. నేరుగా హెన్రీ ముందుకొచ్చి నిలబడింది.

"వస్తా ఉండా వస్తా ఉండా అంటివే నాయనా, ఈడ టీ తాగతా ఉండావా? ఆవు కట్టుకొయ్య పీకేస్తా ఉండాది, అరిచి అరిచి గొంతు పోయింది దానికి."

"బండి ఇంకా కాలేదు పెద్దమ్మా. నేను మాత్రం ఏం చేయను?" హెన్రీకి ఏడుపొక్కటే తక్కువ. క్యాను అతని కాళ్ళ పక్కనే ఉంది. దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"కూర్చో పెద్దమ్మా," అన్నాడు రాజమోహన్, ఆవు తనదే అయినంత ధీమాగా. "నేనుండంగా నీ ఆవుకేం? ఆపా, పెద్దమ్మకో టీ. యాడున్నాం మనం?"

"లైటు ఆరిపోయింది" అందించినాడు ముజఫర్.

"ఆ, లైటు ఆరిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సెల్ఫు కొట్టినా. పెద్ద కడుపు గదా, గాలి లోపలికి గుంజడం మొదలుపెట్టింది. ముందు సురేంద్రబాబు భుజం మీద తువ్వాలు పోయింది. ఆ పక్కింట్లో దండెం మీద ఆరేసిన పంచెలు వరసగా లేచి ఫిల్టరు కాడికొచ్చినాయి. వీధిలో మేస్తా ఉన్న కోళ్ళు వెనక్కి వెనక్కి నడస్తా ఉండాయి, మొహాలు మాత్రం అటే. అంతలో ఉదయగిరి నుంచి నెల్లూరు పోయే బస్సు బయల్దేరింది. కొంచెం దూరం పోయింది, ఆగింది, మెల్లగా మా దిక్కు రావడం మొదలుపెట్టింది. డ్రైవరు కిటికీలోంచి తలకాయ బయటపెట్టి 'ఎవుడయ్యా అది, నేను టాప్ గేర్లో ఉంటే బస్సు రివర్సు పోతా ఉండాది!' అని కేకలు. కండక్టరు దిగి నా కాళ్ళు పట్టుకున్నాడు. పాపం, ప్యాసింజర్లు ఉండారే అని యాక్సిలేటరు తగ్గించినా."

"ఆ బస్సులో నేను ఉండానేమో అన్నా, నడుము నొప్పి ఇంకా తగ్గలేదు" అన్నాడు ముజఫర్.

"నువ్వు నవ్వు. ట్రయలు చూడాల గదా అని ఎక్కి కూర్చున్నా. రోడ్డు మీద ట్రయలేముంటుంది, ఎవుడైనా చేస్తాడు. దుర్గం దిక్కు తిప్పినా. ఉదయగిరి దుర్గం! మనుషులు ఎక్కేదానికే రాళ్ళూ కంపా, మేకలు కూడా ఆలోచించుకోని ఎక్కుతాయి. ఫస్టు గేర్లో మొదలుపెట్టినా, సెకండు వెయ్యాలని చూస్తే కొండ అయిపోయింది. పైన మేకలు కాసేవోడు సద్ది విప్పుకోని తింటా ఉండాడు, నన్ను చూసి ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయినాడు. 'అబ్బయా, బ్రేకు ఉండాదా?' అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, బోరు పెంచినాం గానీ బ్రేకు పెంచలా!"

రెబెకమ్మ టీ గ్లాసు పట్టుకొని తాగకుండా అతని మొహం చూస్తా ఉంది. "నాయనా, ఈ అబ్బాయి బండి ఎప్పుడిస్తావు?" అంది.

"ఆడికే వస్తా ఉండా పెద్దమ్మా. బ్రేకు పట్టలా. బండి దుర్గం అంచు మీద నుంచి గాల్లోకి లేచింది. కింద మర్రిపాడు కనపడింది, అదో ఆ పక్కన మన ఆత్మకూరు, ఇదిగో ఆపా అంగట్లో పొయ్యి పొగ కూడా కనపడింది. చెయ్యి ఊపినా, ఆపా చూసుకోలా. పోయి పోయి యాడ పడింది? సోమశిల డ్యాము నీళ్ళల్లో! మునిగిపోయింది అనుకున్నారా? మునిగేదానికి టైము ఉండాల గదా! ఆ స్పీడుకి చక్రాలు తడవలేదబ్బా, నీళ్ళ మీదే పోతా ఉండాది. సైలెన్సరు ఎర్రగా కాలి ఉండాది, దాని ఆవిరికి నీళ్ళల్లో చేపలు ఎగిరెగిరి పడతా ఉంటే, పుట్టీల్లో చేపలు పట్టేవోళ్ళు వల తీసి చూస్తే అన్నీ వేగిపోయినాయి! ఉప్పూకారం మాత్రం వాళ్ళే వేసుకున్నారు, అబద్ధం చెప్పకూడదు."

"అన్నా," హెన్రీ లేచి నిలబడినాడు. "ఎద పోతుందన్నా. రెండు మాటల్లో చెప్పు. నా బండికి ఏం చేసినావు, ఎందుకు లేవడం లేదు?"

"ఏం చేయలేదని అడుగు! ప్లగ్గు కొత్తది. ఇంజెక్టరు ఊడబెరికి కడిగి పెట్టినా. డబ్బాకి పాత లెక్క మతిమరుపు రావాలని బ్యాటరీ వైరు పీకి రాత్రంతా వదిలేసినా. గాలి యాడన్నా పక్కదోవ పడతా ఉండాదేమో అని రబ్బరు గొట్టం చుట్టూ సబ్బు నురగ పూసినా. మీటర్లో పెట్రోలు ముల్లు పనిచేయకపోతే రెండు వైర్లు కలిపి దాన్ని కూడా సెట్ చేసినా, చూడు, ఎట్టా నిలబడి ఉండాదో! అన్నీ కరెక్టు. ఇంక నీ బండికి రావల్సింది ధైర్యం. అది వచ్చిందంటే సురేంద్రబాబు బండి మాదిరి... ఆ ఆఖరి ముక్క వినకుండా పోతే నీకే నష్టం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సోమశిల ఒడ్డుకి చేరినాక ట్యాంకు మూత తీసి చూసినా. పెట్రోలు తగ్గలా. పెరిగింది!"

"పెరిగిందా!" ముజఫర్ గ్లాసు కింద పెట్టేసినాడు.

"పెరిగిందబ్బా! ఆ గరిటె మహిమ. ఇంజనుకి కావల్సినంత తోడి పోసి, మిగిలిన గాలిని పిండి, అది కూడా పెట్రోలు చేసి ట్యాంకులోకి వెనక్కి పోస్తా ఉండాది. అనంతసాగరం వచ్చేసరికి మూత నుంచి కారతా ఉండాది. ఆత్మకూరు వచ్చేసరికి రోడ్డంతా పారతా ఉండాది. ఆ పొద్దు బంకుల్లో స్టాకు లేదు. బంకోళ్ళు క్యాన్లు పట్టుకోని నా షెడ్డు ముందర వరసలో నిలబడినారు, 'మోహనన్నా, మాక్కూడా పొయ్యన్నా' అని! ఎంతమందికని పోస్తా? పోసినా, అందరికీ పోసినా. లేదనే నోరు కాదు నాది."

రెబెకమ్మ టీ గ్లాసు తాగకుండానే బెంచీ మీద పెట్టింది. లేచి షెడ్డులోకి నడిచింది. ఎవరూ ఆపలేదు. హెన్రీ బండి హ్యాండిలు రెండు చేతుల్తో పట్టుకొని, ఇంట్లో కిరసనాయిలు డబ్బా ఊపి చూసుకున్నట్టు బండిని అటూ ఇటూ గట్టిగా ఊపింది. ట్యాంకు కాడ చెవి పెట్టింది. మళ్ళా ఊపింది.

"ఏందో పెద్దమ్మ కూడా మెకానిక్కయింది" అన్నాడు రాజమోహన్.

"చప్పుడే లేదేంది నాయనా దీంట్లో?" అంది రెబెకమ్మ అక్కడినించే. "పెట్రోలు ఉండాదా?"

"పెట్రోలా? ముల్లు చూడు పెద్దమ్మా, ఫుల్లు చూపిస్తా ఉండాది."

"ముల్లు నువ్వు నిలబెట్టిందే గదా."

హెన్రీ ఒక్క పరుగున షెడ్డులోకి పోయినాడు. తాళం పెట్టి మూత తిప్పి, సెల్లు లైటు వేసి లోపలికి తొంగి చూసినాడు. చాలాసేపు అట్టాగే చూసినాడు. వేలు పెట్టి చూసినాడు. వేలు పొడిగానే బయటికొచ్చింది.

"అన్నా, ఒక చుక్క లేదు."

రాజమోహన్ టీ తాగబోయినాడు, గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.

"ఉండాలే... నువ్వు తెచ్చినప్పుడు సగం పైనే ఉండిందే..."

"ఉండింది," అంది జైతూన్‌బీ. "ఇంజను ఇప్పిన పొద్దు గొట్టం నోట్లో పెట్టుకోని పీల్చి బేసిన్లోకి పట్టినావు. దాంట్లో పిస్టను కడిగినావు, చైను కడిగినావు, ఇంజెక్టరు కడిగినావు, నట్లు బోల్ట్లు అన్నీ కడిగినావు. సాయంత్రం చేతులు కడుక్కున్నావు. నల్లగా అయిపోయిందని కాలవలో పారబోసినావు. నా పొయ్యికి ఎక్కడ తగులుకుంటుందో అని నేను అరిస్తిని గదరా!"

బండి విప్పితే దాని ట్యాంకులో పెట్రోలుతోనే దాని సామాను కడగడం ఆ బస్టాండు చుట్టుపక్కల షెడ్లన్నిట్లోనూ మామూలే. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఆ తర్వాత ఇన్ని రోజులూ రాజమోహన్ ఆ బండికి ప్లగ్గు మార్చినాడు, డబ్బాకి మతి పోగొట్టినాడు, సబ్బు పూసినాడు, పక్క షెడ్డోళ్ళతో సెన్సార్ల గురించి వాదించినాడు. పెట్రోలు పోయాలని మాత్రం అతనికి తట్టలేదు. తను సెట్ చేసిన ముల్లునే తను నమ్మినాడు.

"ఊళ్ళో బంకులకంతా పోసినోడివి," ముజఫర్ కడుపు పట్టుకొని నవ్వతా ఉన్నాడు, "ఈ ఒక్క బండికి ఎందుకు పోయలేదన్నా?"

"నవ్వింది చాలు, పోయి తీసకరా" అని జైతూన్‌బీ అతన్ని కసిరింది. ముజఫర్ పోయి సీసాలో పెట్రోలు తెచ్చినాడు. హెన్రీ ఎవర్నీ చెయ్యి పెట్టనీయలేదు. తనే పోసుకున్నాడు. తాళం తిప్పి ఆపి, మళ్ళా తిప్పి ఆపి, లోపల పంపు గుయ్యిమన్నాక సెల్ఫు నొక్కినాడు. బండి దగ్గింది. ఇంకోసారి నొక్కినాడు. దగ్గుకుంటా దగ్గుకుంటానే లేచింది. మీటర్లో ఇంజను గుర్తు పసుప్పచ్చగా వెలిగింది, ఆరలేదు. సైలెన్సర్లో టప్పుమని ఒక టపాకాయ పేలింది.

హెన్రీ రాజమోహన్ దిక్కు చూసినాడు. "అనంతసాగరం దాకా పోతుందా అన్నా? నిజం చెప్పు. దోవలో ఆగిపోతే నన్ను ఆ ఊళ్ళో ఇంకెవురూ పిలవరు."

రాజమోహన్ వచ్చి వంగి, నిజంగానే చెవి పెట్టి విన్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. "పోద్ది," అన్నాడు చిన్నగా. "పెట్రోలు తక్కువే చిమ్ముతా ఉండాది. జాస్తి తిప్పబాక, కాలిపోద్ది. మెల్లగా పో, మిట్ట మీద గేరు తగ్గించుకో. మళ్ళా వచ్చినాక డబ్బా లెక్క తెలిసినోడి కాడికి నెల్లూరు తీసకపోదాం."

అంత చిన్న మాటలు అతని నోట వినడం అక్కడున్నోళ్ళకి అదే మొదలు. హెన్రీ క్యాను బండికి తాళ్ళతో బిగించి కట్టినాడు. రెబెకమ్మ చీర దోపుకొని వెనక ఎక్కి కూర్చుంది. బండి మెల్లగా కదిలి రోడ్డెక్కింది. అది కదలడం చూసేసరికి రాజమోహన్‌కి మళ్ళా ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మధ్యకి పోయి రెండు చేతులూ ఎత్తినాడు.

"చూసినారా! నా చెయ్యి పడిన బండి ఆగిందనేది లేదు! పెద్దమ్మా, నా బండి మీద సూది పోతా ఉండాది, ఈ తడవ నిలవకపోతే నన్నడుగు! దూడ పుడితే నా పేరే పెట్టాల!"

రెబెకమ్మ వెనక్కి తిరిగి అరిచింది.

"పొద్దుటినించి నీ మాటలు నా ఆవు వినుంటే సూదితో పనేముంది నాయనా! ఈపాటికి ఈనుండును, మనం జున్ను కూడా తినేసుందుము!"